పెరటి గోంగూర నుంచి పచ్చడి సీసా దాకా: సంఘం సభ్యులకు వివరాలు, జాగ్రత్తలు



ఈ పీడీఎఫ్ మీ సంఘం వాట్సాప్ గ్రూపులోకి వచ్చి ఉంటుంది. చదవడం కష్టమైనవాళ్లు ఎవరైనా ఉంటే మీటింగు రోజున ఒకరు గట్టిగా చదివి వినిపించండి. ఫోన్‌లో అక్షరాలు చిన్నగా ఉంటే రెండు వేళ్లతో పెద్దవి చేసుకోవచ్చు.

ఈ మధ్య ఏ ఊరు వెళ్లినా ఒకటే ప్రశ్న: "పచ్చళ్లు పెట్టేవాళ్లకి గవర్నమెంటు మనిషికి నలభై వేలు ఇస్తోందంట కదా, మాకెప్పుడు?" అడగడంలో తప్పు లేదు. అలాంటి పథకం నిజంగానే ఉంది. కాకపోతే ఆ మాట ఊళ్లో తిరిగి తిరిగి, సగం నిజం సగం ఊహగా మారింది. ఆ నలభై వేలు ఊరికే ఇచ్చే డబ్బు కాదు, తిరిగి కట్టాల్సిన అప్పు. అప్పు కట్టాలంటే పచ్చడి అమ్ముడుపోవాలి. అమ్ముడుపోవాలంటే చెడకూడదు. తిన్నవాళ్లు రెండోసారి అడిగేలా ఉండాలంటే అందులో వేసే ఆకు బాగుండాలి. అందుకే ఈ కాగితాన్ని బ్యాంకు దగ్గర కాకుండా పెరట్లో మొదలుపెడుతున్నాను.

పెరట్లో ఏది ఎక్కడ వేయాలి?

సంఘం మీటింగుల్లో పొదుపు లెక్కలు అయిపోయాక అసలు కబుర్లు మొదలవుతాయి. నా గోంగూరకి తెల్లగా దూదిలాగా పట్టిందని ఒకరు, కరివేపాకు చెట్టు ఆకులన్నీ పురుగు తినేసిందని ఇంకొకరు. మినిట్స్ బుక్కులో ఈ కబుర్లు ఎక్కవు గానీ, నేను నేర్చుకున్న తోటపని చాలావరకు అక్కడ విన్నదే. విన్నవాటిలో వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా అవునన్న వాటినే ఇక్కడ రాస్తున్నాను.

ముందు గోంగూర సంగతి. గోంగూర, బెండ, పత్తి, మందారం అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. ఒకదానికి వచ్చిన పురుగు ఇంకోదానికి తేలిగ్గా పాకుతుంది. ఆ తెల్లటి దూది పిండినల్లి. ఇంటి ముందు మందారం చెట్టుకి పిండినల్లి ఉండి, దాని పక్కనే గోంగూర మడి, ఆ పక్కనే బెండ వేస్తే పురుగుకి మనమే బాట వేసినట్టు. గోంగూరని మందారానికి, బెండకి దూరంగా వేయండి. మధ్యలో మెంతికూరో, కొత్తిమీరో, ఉల్లో వేయండి. పిండినల్లి కొద్దిగా కనబడినప్పుడే ఆ కొమ్మ తుంచి సబ్బునీళ్లలో ముంచేయండి. చీమలు మొక్క పైకీ కిందికీ తిరుగుతున్నాయంటే ఒకసారి ఆకు తిప్పి చూడండి. పిండినల్లి విడిచే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి.

కరివేపాకు, నిమ్మ కూడా ఒకే కుటుంబం. నిమ్మ ఆకుల్ని తినే సీతాకోకచిలుక పురుగే కరివేపాకునీ తింటుంది. చిన్నగా ఉన్నప్పుడు అది అచ్చం పిట్టరెట్టలాగే ఉంటుంది కాబట్టి మనం పట్టించుకోం. పెద్దదయ్యాక పచ్చగా, ఆకు రంగులో కలిసిపోతుంది. పది పన్నెండు పురుగులుంటే చిన్న చెట్టు మోడైపోతుంది. పొద్దున్నే చేత్తో ఏరేయడమే దీనికి మందు. స్థలం ఉంటే నిమ్మ ఒక మూల, కరివేపాకు ఇంకో మూల పెట్టండి.

టమాటాకి బంతి తోడు. ఇది పూలకోసం చెప్పే మాట కాదు. టమాటా కాయలో దూరే కాయతొలుచు పురుగు తల్లి, టమాటా కన్నా బంతి పువ్వు మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ పొలాలకు చెప్పిన లెక్క ఇది: 16 వరుసల టమాటాకి ఒక వరుస పొడుగు బంతి. నాటే రోజుకి టమాటా నారు 25 రోజులది, బంతి నారు 40 రోజులది ఉండాలి. రెండూ ఒకే సమయానికి పూతకు రావాలన్నదే ఈ తేడాకి కారణం. మన పెరట్లో 16 వరుసలు ఎక్కడుంటాయి? మడికి రెండు వైపులా నాలుగేసి బంతి మొక్కలు చాలు. కానీ బంతి నారు రెండు వారాలు ముందు పోసుకోవడం మాత్రం మర్చిపోవద్దు. చాలామంది ఇక్కడే తప్పుతారు. టమాటా కాయలు దిగాక బంతి పూస్తే పండక్కి పూలు వస్తాయి గానీ పురుగు ఆగదు. ఇంకో లాభం కూడా ఉంది. బంతి వేళ్లు నేలలోని నులిపురుగుల్ని తగ్గిస్తాయి. టమాటా మొక్క పీకినప్పుడు వేళ్లకి బుడిపెలు కనబడితే, వచ్చే పంటకి ఆ మడిలో మళ్లీ టమాటా, వంకాయ, మిరప వేయకుండా మొత్తం బంతి వేసి చూడండి.

మిరపకి అంచున రెండు మూడు వరుసలు జొన్న గానీ మొక్కజొన్న గానీ ఒత్తుగా వేస్తే, గాలికి కొట్టుకొచ్చే తామర పురుగులు, తెల్లదోమ కొంత ఆగుతాయి. అక్కడక్కడ నాలుగు ఆముదం మొక్కలు పెడితే లద్దె పురుగు తల్లి ఆ వెడల్పాటి ఆకుల మీద గుంపుగా గుడ్లు పెడుతుంది. ఆ ఆకు కోసి నలిపేస్తే వందల పురుగులు ఒక్క దెబ్బకి పోయినట్టే. అయితే రోజూ వెళ్లి ఆకు తిప్పి చూసే ఓపిక లేనివాళ్లు ఆముదం వేయొద్దు. చూడకపోతే ఆముదమే పురుగుకి పుట్టిల్లు అవుతుంది. క్యాబేజీకి ఆవాలు కూడా ఇలాంటి ఎర పంటే. క్యాబేజీ నాటడానికి రెండు వారాల ముందు పక్కన ఆవాలు చల్లితే ఆకు తినే పురుగు వాటి మీదికి పోతుంది.

బొబ్బర్లు వేస్తే వాటికి పేనుబంక పడుతుందని కొందరు భయపడతారు. పడనివ్వండి. ఆ పేనుబంకని తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి. ఎర్రటి గుండ్రటి రెక్కల మీద నల్లచుక్కలుంటాయి, చిన్నప్పుడు చేతి మీద ఎక్కించుకుని ఆడుకున్నాం కదా, అవే. అవి మీ మిరపనీ వంకాయనీ కూడా కాస్తాయి. పైగా బొబ్బర్ల వేళ్ల బుడిపెలు నేలకి నత్రజని ఇస్తాయి. టమాటా వేళ్ల బుడిపెలు రోగం, బొబ్బర్ల వేళ్ల బుడిపెలు బలం. రెండూ ఒకటనుకుని పీకేయకండి.

ఆకుల విషయంలో మూడు మాటలు. కొత్తిమీరకి ధనియాలు అలాగే చల్లితే సరిగా మొలవవు. అరచేత్తో నలిపి రెండు బద్దలు చేసి, రాత్రి నానబెట్టి చల్లండి. ఎండాకాలం తొందరగా పువ్వొచ్చేస్తుంది. అందుకే బీరపాదు, కాకరపాదు పందిరి నీడలో వేసుకోండి. పుదీనాకి విత్తనం అక్కర్లేదు, బజారులో కొన్న కట్టలోంచి నాలుగు ముదురు కాడలు గుచ్చితే చాలు. కానీ నేలలో కాదు, పాత బకెట్లో గుచ్చండి. నేను ఒకసారి మా ఇంటి వెనక నేలలో వేశాను. ఆరు నెలల తర్వాత మెంతికూర లేదు, పాలకూర లేదు, అంతా పుదీనాయే. మెంతికూర మూడు నాలుగు వారాల్లో కోతకి వస్తుంది కాబట్టి, మీటింగుకి ఒకరు చొప్పున వంతులవారీగా చల్లుకుంటే సంఘంలో ఎవరో ఒకరి దగ్గర ఎప్పుడూ ఆకు ఉంటుంది.

చేలో మిగిలిన మందు పెరట్లో కొట్టొద్దు

ఈ ఒక్క పేరా అందరికీ రెండుసార్లు చదివి వినిపించండి. మిర్చి చేలో, పత్తి చేలో కొట్టగా పంపులో మిగిలిన మందుని వృథా ఎందుకని పెరట్లో గోంగూర మీద కొట్టడం చాలా ఊళ్లలో ఉంది. చేలో మందు కొట్టాక కోతకి ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసి ఉంటుంది. గోంగూరని మనం రెండో రోజే కోసేస్తాం. ఆకుని కడిగితే పైపైన ఉన్నది కొంత పోవచ్చు, లోపలికి ఇంకిన మందు పోదు. నూనెలో వేయించినా నమ్మకం లేదు. ఆ ఆకుతో పెట్టిన పచ్చడి మీ పిల్లలూ తింటారు, కొన్నవాళ్ల పిల్లలూ తింటారు. కలుపు మందు కొట్టిన పంపునైతే పెరట్లోకి అసలు తేవద్దు. ఖాళీ మందు డబ్బాలు కడిగి ఉప్పుకో నూనెకో వాడటం ఇంకా ప్రమాదం.

మరి పురుగొస్తే ఏం చేయాలి? వేపగింజల కషాయం చేసుకోండి. పైతోలు తీసిన వేపపప్పు 50 గ్రాములు పొడి చేసి, గుడ్డలో మూటకట్టి, ఒక లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున్న మూట పిండి, వడకట్టి, చిటికెడు సబ్బు కలిపి, సాయంత్రం పూట ఆకు అడుగుభాగం తడిసేలా చల్లండి. ఆ రోజు చేసింది ఆ రోజే వాడాలి. ఇది పురుగుని అప్పటికప్పుడు చంపదు, తినకుండా ఎదగకుండా చేస్తుంది. రెండు మూడు రోజులు ఓపిక పట్టండి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా లాంటి వాటి ఆకుల మీద మాత్రం పేడతో చేసిన జీవామృతం చల్లకండి. అది మొదట్లో, నేలకే పోయండి. ప్రకృతి వ్యవసాయం సిబ్బంది మీ ఊళ్లో ఉంటే ఒకసారి పిలిచి చేయించుకుని చూడండి. రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకులనీ అడగొచ్చు.

పచ్చడి ఎందుకు చెడుతుంది?

ఇంట్లో జాడీలో ఏడాది నిలబడే పచ్చడి, సీసాలో పెట్టి అమ్మితే నెలకే బూజు పట్టిందని బాధపడేవాళ్లు ఉన్నారు. చేయి అదే, రుచి అదే. మరి తేడా ఎక్కడ?

నిల్వ పచ్చడిని కాపాడేవి నాలుగు: ఉప్పు, పులుపు, నూనె, తడి లేకపోవడం. ఇంట్లో మనం ఈ నాలుగూ తెలియకుండానే పాటిస్తాం. అమ్మకానికి చేసేటప్పుడు తొందర ఎక్కువై మొదట తడి దగ్గర తప్పుతాం. గోంగూర కడిగి గంటసేపు ఆరబెడితే సరిపోదు. నీడలో పొడి గుడ్డ మీద పలచగా పరిచి, ఆకు కాడ దగ్గర కూడా చెమ్మ లేకుండా ఆరాలి. ముసురు రోజుల్లో నిల్వ పచ్చడి పెట్టడం మానేయండి. సీసాలు వేడినీళ్లలో మరిగించి, బోర్లించి, ఎండలో పూర్తిగా ఆరాకే నింపండి. వేడి పచ్చడి సీసాలో పోసి వెంటనే మూత బిగిస్తే లోపల ఆవిరి పట్టి, మూత కింద చుక్కలై మళ్లీ పచ్చడిలో పడుతుంది. మొదటి బూజు సరిగ్గా అక్కడే కనబడుతుంది. నేను ఒకసారి బస్సులో ఊరికి తీసుకెళ్లిన గోంగూర పచ్చడి ఇలాగే చేసింది. మూత తియ్యగానే పొంగింది. పక్క సీటాయన తెల్లచొక్కా సంగతి ఇక్కడ రాయను.

రెండోది పులుపు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. గోంగూర, నిమ్మ, మామిడి, చింతకాయ తమంతట తామే పుల్లగా ఉంటాయి. టమాటా పులుపు ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. అందుకే మన పెద్దవాళ్లు టమాటా నిల్వ పచ్చడిలో చింతపండు తప్పకుండా వేస్తారు. కొత్తిమీర, పుదీనా, కరివేపాకు, వెల్లుల్లికి సొంత పులుపు లేదు. ఇవి నూనెలో మునిగి, గాలి తగలకుండా, పులుపు లేకుండా రోజుల తరబడి బయట ఉంటే, గాలి లేనిచోటే పెరిగే ఒకరకం సూక్ష్మక్రిమి విషం తయారు చేయగలదు. దానికి వాసన, రంగు మారాల్సిన పని లేదు. అంటే ముక్కుతో కనిపెట్టలేం. చింతపండో నిమ్మరసమో దిట్టంగా పడితే ఆ క్రిమి పెరగలేదు. కారం తగ్గించమని కొనేవాళ్లు అడిగితే తగ్గించండి. పులుపు, ఉప్పు మాత్రం తగ్గించకండి. పులుపు కొలవడానికి పీహెచ్ కాగితాలని ల్యాబు సామాన్ల షాపులో దొరుకుతాయి. చిన్న పట్టీని పచ్చడి ఊటలో ముంచితే రంగు మారుతుంది. అంకె 4.6 కన్నా తక్కువ ఉండాలి, 4 దగ్గర ఉంటే ఇంకా నిశ్చింత. ఎర్రటి కారంలో రంగు సరిగ్గా కనబడదు కాబట్టి కారం, నూనె కలపకముందే ముంచి చూడండి. సంఘానికి ఒక పుస్తకం కొనుక్కుంటే చాలాకాలం వస్తుంది.

ఇక నూనె. సీసాలో ముక్క గానీ ఆకు గానీ నూనెపైకి తేలి కనబడకూడదు, పైన నూనె తేరి నిలబడాలి. నూనె ఖరీదు చూసి ఇక్కడ చెయ్యి వెనక్కి తీస్తే మొత్తం సీసా పోతుంది. పుల్లటి పచ్చళ్లు అల్యూమినియం గిన్నెల్లో, ఇత్తడి గిన్నెల్లో ఉంచొద్దు. స్టీలు, పింగాణీ జాడీ, గాజు వాడండి.

బూజు పట్టిన పచ్చడిలో పైభాగం తీసేసి కిందిది వాడుకోవడం మనందరి ఇళ్లలో ఉన్నదే. అమ్మే పచ్చడికి ఆ పని చేయొద్దు, ఇంట్లో కూడా మానేయడం మంచిది. పైకి కనబడే బూజు కొంచెమే, దాని పోగులు లోపలికి పోతాయి. మూత ఉబ్బినా, బుడగలు వస్తున్నా రుచి చూడకుండా పారేయండి.

నీళ్లు తగలని పొడులతో మొదలుపెట్టడం కొత్తవాళ్లకి తేలిక. కరివేపాకు పొడి, పుదీనా పొడి, నల్లకారం పాడయ్యే భయం తక్కువ, పెట్టుబడీ తక్కువ. నా సలహా అడిగితే మొదటి మూడు నెలలు పొడులే చేయండి, తర్వాత గోంగూర పచ్చడి. పులుపు లేని ఆకుల పచ్చళ్లు చెయ్యి తిరిగాకే.

లెక్కలో కూలి వేశారా?

ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు అర్థం కావడానికి వేసినవే, మీ ఊరి ధరలతో మార్చుకోండి. పావుకిలో గోంగూర పచ్చడి సీసాలు పది చేశారు. నూనె 200 రూపాయలు. కారం, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు కలిపి 180. సీసాలు, లేబుళ్లు 150. గ్యాసు 50. మొత్తం 580. సీసా 100 రూపాయలకి అమ్మితే 1,000 వచ్చాయి, 420 లాభం అనుకుంటాం. కానీ ఇద్దరు పూటంతా కష్టపడ్డారు. ఆ పూట వేరే పనికి పోతే చెరో 250 వచ్చేవి. పెరట్లో ఆకు కూడా బజారులో అమ్మితే 60 వచ్చేది. అవి కలిపితే ఖర్చు 1,140. అంటే లాభం కాదు, 140 నష్టం.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒకేసారి యాభై సీసాలు చేస్తే ఒక్కో సీసాకి పడే కూలి, గ్యాసు తగ్గుతాయి. ధర 130 పెట్టినా పెరటి ఆకు, మందు కొట్టలేదు అని నిజంగా చెప్పగలిగితే కొనేవాళ్లు ఉంటారు. కానీ ఈ లెక్క అప్పు తీసుకున్నాక కాదు, తీసుకోకముందే వేయాలి. పది సీసాలు చేసి, ఐదు ఊళ్లో, ఐదు ఊరు బయట తెలిసినవాళ్లకి అమ్మి చూడండి. బంధువులకి ఉచితంగా ఇచ్చి బాగుందనిపించుకోవడం లెక్కలోకి రాదు. డబ్బిచ్చి కొన్నవాళ్లు మళ్లీ అడిగారా లేదా, అదే లెక్క.

పథకం: ఏముంది, ఏం లేదు

పథకం పేరు ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల క్రమబద్ధీకరణ పథకం. అందరూ పీఎం ఎఫ్‌ఎంఈ అంటారు. 2020 జూన్ 29న మొదలైంది. కేంద్రం 60, రాష్ట్రం 40 వంతుల చొప్పున డబ్బు పెట్టుకుంటాయి. మొదట 2024-25 వరకే అనుకుని తర్వాత 2025-26కి పొడిగించారు. కాబట్టి మీరు వెళ్లే రోజుకి దరఖాస్తులు తీసుకుంటున్నారా అన్నది అన్నిటికన్నా ముందు అడగండి. మన రాష్ట్రంలో దీన్ని ఏపీ ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీ చూస్తుంది. గ్రామాల్లో సంఘాల వైపు పని సెర్ప్ ద్వారా, పట్టణాల్లో మెప్మా ద్వారా జరుగుతుంది.

ఇందులో మనకి సంబంధించినవి రెండు దారులు.

మొదటిది అందరూ చెప్పుకునే నలభై వేలు. దీన్ని సీడ్ క్యాపిటల్ అంటారు. సంఘం సభ్యురాలికి 40,000 రూపాయల వరకు, ముడిసరుకు కొనడానికి, చిన్న పనిముట్లకి ఇస్తారు. ప్రభుత్వం ఈ డబ్బుని గ్రాంటుగా ఇచ్చేది సమాఖ్యకి. సమాఖ్య నుంచి మీకు వచ్చేది అప్పు. ఊళ్లో మాట తప్పింది ఇక్కడే. గ్రాంటు అన్న మాట నిజమే, కానీ అది సమాఖ్యకి గ్రాంటు, మీకు కాదు. మీరు కట్టిన డబ్బు సమాఖ్యలోనే ఉండి రేపు ఇంకో సభ్యురాలికి పోతుంది. మీరు కట్టకపోతే ఆగిపోయేది ఆమె అప్పు. 20 నెలల్లో కట్టాలనుకుంటే అసలే నెలకి 2,000. వడ్డీ ఎంత, ఎన్ని నెలలు అన్నది సంతకం పెట్టేముందు తీర్మానం పుస్తకంలో చూసుకోండి.

ఇంకో షరతు ఉంది. ఇప్పటికే ఆహార పదార్థాల తయారీలో ఉన్న సభ్యులకే ఇది. "డబ్బు ఇస్తే మొదలుపెడతాం" అంటే కుదరదు. కాబట్టి మొదటి పది యాభై సీసాలు మీ సంఘం అంతర్గత అప్పుతోనో, సొంత డబ్బుతోనో చేయాలి. కొన్న సరుకు బిల్లులు, అమ్మిన లెక్క ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. రేపు మీరు ఈ పనిలో ఉన్నారని చూపించేది ఆ పుస్తకమే. పెరటి తోట ఒక్కటే ఉన్నవాళ్లకి ఈ నలభై వేలు రావు. అలాంటివారు న్యూట్రి గార్డెన్ కింద విత్తనాలు, శిక్షణ ఏమున్నాయో సెర్ప్ సిబ్బందిని అడగండి.

రెండో దారి కొంచెం పెద్ద యూనిట్ పెట్టేవాళ్లకి. గ్రైండరు, రోస్టరు, ప్యాకింగు మిషను లాంటివి కొనడానికి బ్యాంకు అప్పు, అందులో 35 శాతం సబ్సిడీ. సబ్సిడీ పది లక్షలు దాటదు. యూనిట్ ఖర్చులో కనీసం 10 శాతం మీరు పెట్టుకోవాలి. రెండు లక్షల యూనిట్ అనుకుంటే మీవి 20,000, బ్యాంకు అప్పు 1,80,000, సబ్సిడీ 70,000. ఈ 70,000 మీ చేతికి రాదు. బ్యాంకులో మీ అప్పు పక్కన ఒక ఖాతాలో ఉంటుంది. అప్పు చివరి విడత ఇచ్చిన మూడేళ్ల తర్వాత చూస్తారు: వాయిదాలు సక్రమంగా కట్టారా, యూనిట్ నడుస్తోందా? రెండూ అవునంటేనే ఆ డబ్బు మీ అప్పులో జమ అవుతుంది. మధ్యలో మూసేస్తే సబ్సిడీ లెక్కలోకి రాదు, అప్పు మాత్రం మొత్తం మీదే. కుటుంబంలో ఒక్కరికే అర్హత. ఇక్కడ కుటుంబం అంటే భార్య, భర్త, పిల్లలు.

దరఖాస్తు నింపడానికి, ప్రాజెక్టు రిపోర్టు రాయడానికి, బ్యాంకు చుట్టూ తిరగడానికి జిల్లా రిసోర్సు పర్సన్ అని ఒకరుంటారు, డీఆర్‌పీ అంటారు. వారికి డబ్బు ప్రభుత్వం ఇస్తుంది. మీరు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. "ఫైలు కదలాలంటే ఐదు వేలు" అని ఎవరన్నా అంటే ఆ మనిషి పేరు రాసుకుని మండల సమాఖ్యలో చెప్పండి, లేదా కలెక్టరేట్‌లో సోమవారం జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టండి.

అమ్మేముందు రిజిస్ట్రేషన్

ఇంట్లో చేసి పక్కింటికి ఇచ్చేది వేరు, సీసా మీద పేరు వేసి అమ్మేది వేరు. అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏడాది అమ్మకాలు 12 లక్షల లోపు ఉన్నవారికి బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు. ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఫాస్‌కాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఫొటో, ఆధార్, చిరునామా వివరాలతో పెట్టుకోవచ్చు. దీనికి వేలకి వేలు వసూలు చేసే ఏజెంట్లు ఉన్నారు. ఫోన్ వాడటం తెలిసిన మీ అమ్మాయో అబ్బాయో చేయగలిగిన పని ఇది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అయితే పూర్తిగా ఉచితం.

లేబుల్ మీద ఉండాల్సినవి: పచ్చడి పేరు, అందులో వేసినవన్నీ ఎక్కువ నుంచి తక్కువకి వరుసగా, బరువు, తయారు చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్ నంబరు, ధర, మీ పేరు చిరునామా, 14 అంకెల రిజిస్ట్రేషన్ నంబరు, శాకాహారానికి ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ గుర్తు. పొడిలో వేరుశనగ గుళ్లు వేస్తే తప్పకుండా రాయండి, అవి పడనివాళ్లు ఉంటారు. బ్యాచ్ నంబరంటే కంగారు పడకండి. ఏ రోజు చేసిన సీసాలకి ఆ రోజు నంబరు, నోటుబుక్కులో ఆ నంబరు ఎదురుగా ఎవరి పెరటి ఆకు, ఎంత నూనె, ఎవరు చేశారు అని రాసుకోవడమే. ఒక సీసా మీద ఫిర్యాదొస్తే ఆ రోజువి మాత్రం వెనక్కి తెచ్చుకుంటే సరిపోతుంది, ఉన్నవన్నీ పారబోసుకోనక్కర్లేదు. "మందుల్లేని పంట" అని లేబుల్ మీద రాయాలనుకుంటే, పక్కింటివాళ్ల దగ్గర తెచ్చిన ఆకు కూడా అలాంటిదేనా అని కనుక్కున్నాకే రాయండి. "ఆర్గానిక్" అన్న మాట మాత్రం సర్టిఫికెట్ లేకుండా వాడకూడదు.

ఈ నెల సంఘం మీటింగులో పొదుపు అయ్యాక ఒక పది నిమిషాలు ఉంచుకోండి. ఎవరి పెరట్లో ఏముంది, ఎవరికి ఏ పచ్చడి చెయ్యి బాగా కుదురుతుంది, పుదీనా కాడలు ఎవరిస్తారు, బంతి నారు ఎవరు పోస్తారు అన్నవి ఒక కాగితం మీద రాయండి. ఏపీఎం గానీ సీసీ గానీ వచ్చినప్పుడు ఆ కాగితం, అమ్మకాల నోటుబుక్కు రెండూ చూపించి, నలభై వేల సంగతి అప్పుడు అడగండి. వెళ్లేటప్పుడు ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, సంఘం తీర్మానం నకలు, రెండు ఫొటోలు తీసుకెళ్లండి. దరఖాస్తు ఇచ్చాక నంబరు రాయించుకోకుండా రావొద్దు.